నైట్ డ్యూటీలో నిద్ర

మొన్న పేపర్లో జిల్లా పేజీలో ఓ మూలన చిన్న వార్త వచ్చింది. ఒక ప్రభుత్వ ఆసుపత్రికి అధికారి ఒకరు రాత్రి రెండున్నరకు ఆకస్మిక తనిఖీకి వెళ్లారు. వార్డులో నర్సు టేబుల్ మీద తల వాల్చి నిద్రపోతూ కనిపించింది. మెమో ఇచ్చారు. వార్త పక్కన ఫోటో కూడా వేశారు. ముఖం మసక చేశారు గానీ, ఆమె మోచేతి పక్కన స్టీలు టిఫిన్ బాక్సు స్పష్టంగా కనిపిస్తోంది. దాని క్లిప్పులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అప్పటిదాకా అన్నం కూడా తిన్నట్టు లేదు.

టీ కొట్టు దగ్గర ఆ వార్త మీద మాటలు నడిచాయి. "జీతం తీసుకునేది నిద్రపోవడానికా?" అన్నాడొకాయన. అందరూ తలూపారు. నేను తలూపలేదు, కానీ అక్కడికక్కడ ఏం చెప్పాలో తోచలేదు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను చెప్పేది ఇది. రాత్రి డ్యూటీ చేసే నర్సులకు, వార్డు బాయ్‌లకు, జూనియర్ డాక్టర్లకు రెండు గంటల నిద్రను డ్యూటీ చార్టులోనే రాయాలి. ఎవరు ఎప్పుడు పడుకుంటారు, ఆ రెండు గంటలూ వాళ్ల పేషంట్లను ఎవరు చూసుకుంటారు, పేర్లతో సహా రాయాలి. ఇప్పుడు దొంగచాటుగా తీసే కునుకును డ్యూటీలో భాగం చేయాలి. ఈ మాట అనడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఒకప్పుడు ఇలా నిద్రపోయిన ఒక నర్సు మీద కంప్లయింట్ రాసిచ్చినవాణ్ని నేను.

సెలైన్ అయిపోయిన రాత్రి

2018లో నాన్నకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది. రెండో రాత్రి తోడుగా నేనున్నాను. మూడింటప్పుడు మెలకువ వచ్చి చూస్తే సెలైన్ బాటిల్ ఖాళీ. చేతి దగ్గర ట్యూబులో జానెడు మేర రక్తం పైకెక్కి ఉంది. పరుగున వెళ్తే కౌంటర్లో అమ్మాయి చేతుల మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. ఇరవై రెండో, ఇరవై మూడో ఏళ్లుంటాయి. నేను అరిచిన అరుపుకు పక్క రూముల్లో లైట్లు వెలిగాయి. ఆమె ఉలిక్కిపడి లేచి, చెప్పుల్లో కాళ్లు కూడా సరిగ్గా పెట్టుకోకుండా వచ్చింది. ట్యూబు సరిచేసి కొత్త బాటిల్ తగిలించింది. "సారీ అన్నా, వరసగా ఐదో నైటు" అంది. "అది నాకెందుకు?" అన్నాను.

తెల్లారాక సూపర్‌వైజర్‌కు కంప్లయింట్ రాసిచ్చాను. ఆ రాత్రి నుంచి ఆ అమ్మాయి మా ఫ్లోరులో కనిపించలేదు. ఎటు పంపారో నేను అడగలేదు.

నాన్నకు ఏమీ కాలేదు. అయిపోయింది సెలైనే కాబట్టి సరిపోయింది, అదే ఐసీయూలో ఇంకేదైనా మందు అయితే? ఈ ప్రశ్నను నేను దాటేయడం లేదు. నిద్రపోయిన నర్సు వల్ల పేషంటుకు ప్రమాదమే. ఆ భయమేమిటో నాకు తెలుసు. కాకపోతే అప్పుడు నేను ఆ అమ్మాయిని లేపితే ప్రమాదం పోయిందనుకున్నాను. లేచినంత మాత్రాన ఐదు రాత్రుల నిద్ర ఎక్కడికి పోతుంది?

పదిహేడో నెంబరు బెడ్డు

మా అక్క స్టాఫ్ నర్సు. 2021 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒక ప్రభుత్వ ఆసుపత్రి కొవిడ్ వార్డులో చేసింది. ఉదయం షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు ఆరేసి గంటలు, రాత్రి మాత్రం ఎనిమిది నుంచి ఎనిమిది దాకా, పన్నెండు గంటలు. ఇది చాలా ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. మొదటి వేవ్‌లో పీపీఈ కిట్‌లో అంతసేపు ఉండలేరని వాళ్ల వార్డులో రాత్రిని కూడా రెండు షిఫ్టులు చేశారు. రెండో వేవ్‌లో స్టాఫ్‌లోనే చాలామంది పాజిటివ్ అయ్యేసరికి మళ్లీ పన్నెండు గంటలకు వచ్చింది. 2020 జూన్‌లో ఢిల్లీ ఎయిమ్స్ నర్సులు కిట్ వేసుకుని చేసే డ్యూటీని నాలుగు గంటలకు తగ్గించమని ధర్నా చేశారు. ఆ వార్త చూసినప్పుడు నాలుగు గంటలా అని ఆశ్చర్యపోయాను. కిట్‌లో గంట గడిపితే ఆశ్చర్యపోయేవాణ్ని కాదేమో.

అక్క సాయంత్రం ఐదు తర్వాత నీళ్లు తాగేది కాదు. కిట్ వేసుకున్నాక బాత్రూమ్‌కు వెళ్లాలంటే మొత్తం విప్పాలి. విప్పితే ఇంకో కిట్ కావాలి. కిట్లు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు. మే నెల ఎండలు, ఇన్ఫెక్షన్ పాకుతుందని ఏసీలు ఆపేశారు. గ్లౌజులు విప్పితే చెమట నీళ్లలా కారేదట. జూన్‌లో యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి వారం రోజులు మంచం మీద ఉంది. అది కొవిడ్ కాదు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాలేదు.

వార్డులో నలభై రెండు మంది పేషంట్లు, ఇద్దరు సిస్టర్లు, ఒక వార్డు బాయ్. రాత్రంతా పల్స్ ఆక్సీమీటర్ పట్టుకుని బెడ్డు బెడ్డుకూ తిరగడమే. నిద్రలో ఊపిరాడక, ఉక్కపోసి, పేషంట్లే మాస్కులు లాగేసుకునేవాళ్లు. బోర్లా పడుకోబెట్టినవాళ్లు మళ్లీ వెల్లకిలా తిరిగేవాళ్లు. చివరి బెడ్డు చూసేసరికి మొదటి బెడ్డు వేళ అయ్యేది. గాగుల్స్ మసకబారి అంకెలు కనిపించకపోతే ఆక్సిజన్ బాటిల్ దగ్గర వంగి చెవి పెట్టేది. బుడగల చప్పుడు వినిపిస్తే వస్తున్నట్టు. ప్యాంటు జేబులో ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి, ఇరవై నిమిషాలకోసారి అలారం పెట్టుకునేది. నిలబడే నిద్రపోతున్నానని ఆ ఫోన్ కదిలినప్పుడు తెలిసేదట.

ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి పదిహేడో నెంబరు బెడ్డు దగ్గర ఆగిపోయింది. రక్తం గడ్డకట్టకుండా పొట్టకు చేసే ఇంజక్షన్ చేతిలో ఉంది. ఈ పేషంటుకు చేశానా, చేయలేదా? గుర్తు రావడం లేదు. కేస్ షీట్లు వార్డు బయట ఉంటాయి. లోపలి నుంచి ఫోన్‌లో చెప్తే బయట రాసుకుంటారు, పదహారో బెడ్డు దాకా చెప్పిందో లేదో అదీ గుర్తు లేదు. ఒకసారి చేసి మళ్లీ చేస్తే రక్తస్రావం అవుతుంది. చేయకుండా వదిలేస్తే ఊపిరితిత్తుల్లో గడ్డ కట్టొచ్చు. ట్రేలో ఖాళీ సిరంజీలు లెక్కపెట్టింది. పదహారు. నమ్మకం కుదరలేదు, మళ్లీ లెక్కపెట్టింది. పదహారే. అంటే ఇతనికి చేయలేదు. చేసింది. చేసి అక్కడే గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది. ఆ పేషంటు మాస్కులోంచి "ఏమైందమ్మా?" అని అడిగాడట.

ఈ సంగతి అక్క నాకు అప్పుడు చెప్పలేదు, చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. "ఆ రోజు ఎన్నో నైటు?" అని అడిగాను. "నాలుగోదో, ఐదోదో రా" అంది. ఐదో నైటు అన్న మాట నేను అంతకుముందు ఎక్కడ విన్నానో చెప్పడానికి ఆ రోజు నాకు నోరు రాలేదు. తర్వాత చెప్పాను. అక్క కోప్పడలేదు, కాసేపు ఆగి "నిన్ను చూసి ఎంత వణికిపోయి ఉంటుందో" అంది.

పగలు పడుకోవచ్చు కదా

అందరూ అనే మాట ఇది. రాత్రి డ్యూటీ చేస్తే పగలంతా ఖాళీయే కదా, పడుకోవచ్చు కదా. అక్క తొమ్మిదిన్నరకు ఇంటికి వచ్చేది. బయట బాత్రూమ్‌లో స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో వేసి, కిటికీలకు పేపర్లు అంటించిన గదిలో పడుకునేసరికి పదిన్నర. పక్కింట్లో కుక్కర్ విజిళ్లు, వీధిలో పాత ఇనుప సామాన్లు కొంటామని మైకు, గోడకు అవతల పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు. ఒంటిగంటకల్లా లేచేది. బావ వండినా, ఎవరు వండినా, పిల్లాడు తలుపు అవతల నిలబడి అమ్మా అంటే నిద్ర ఎలా పడుతుంది? 2020 మార్చి 22న మా వీధంతా పళ్లేలు మోగిస్తుంటే అక్క కళ్లు తుడుచుకుంది. ఏడాది తిరిగేసరికి అదే వీధిలో ఇంటి ఓనరు, పిల్లలున్న ఇల్లమ్మా, వేరే ఎక్కడైనా చూసుకోండి అన్నాడు. ఇల్లు వెతకడం కూడా ఆ పగటి నిద్రలోంచే పోయింది.

పగలు ఎంత నిద్రపోయినా అది రాత్రి నిద్ర కాదు. మన ఒళ్లు చీకటిని బట్టి నడుస్తుంది. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య ఒంట్లో వేడి తగ్గుతుంది, చురుకుదనం అడుగంటుతుంది. రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న వాటిలో ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట మీద నిలబడింది.

ఇంకో లెక్క నన్ను బాగా కుదిపింది. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని పరిశోధకులు కొలిచి చూశారు. మన దగ్గర డ్రంకెన్ డ్రైవ్ కేసు పెట్టే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. ఉదయం ఆరింటికి లేచిన మనిషి ఆ రోజే రాత్రి ఎనిమిదికి మొదటి నైటు ఎక్కితే, పదకొండింటికల్లా పదిహేడు గంటలు నిండుతాయి. ఇంకా తొమ్మిది గంటల డ్యూటీ మిగిలే ఉంటుంది. బండి నడిపితే కేసు పెట్టే స్థితి అది. అదే స్థితిలో ఇంజక్షన్ చేయమంటున్నాం.

రన్నింగ్ రూమ్ ఎందుకు కట్టారు

కాజీపేటలోనో, విజయవాడలోనో రైల్వేవాళ్లు మీకు తెలిసి ఉంటే రన్నింగ్ రూమ్ గురించి వినే ఉంటారు. బండి దిగిన లోకో పైలట్‌కు, గార్డుకు అక్కడ మంచం ఉంటుంది, భోజనం ఉంటుంది. రైలు నడిపేవాళ్ల కష్టాలు అంతటితో తీరిపోయాయని నేననడం లేదు, డ్యూటీ గంటల మీద వాళ్లూ ఇప్పటికీ పోరాడుతూనే ఉన్నారు. కానీ నిద్ర లేని డ్రైవర్ వెనకాల వెయ్యి మంది ప్రయాణికులు ఉంటారన్న జ్ఞానం ఆ వ్యవస్థకు ఉంది, అది ఇటుకలతో కట్టి కనిపిస్తుంది. విమాన పైలట్ల డ్యూటీకి, విశ్రాంతికి పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ గంటల లెక్కన నిబంధనలు రాసింది. 150 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో విశ్రాంతి గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది.

ఆసుపత్రికొచ్చేసరికి మాత్రం అంతా సేవాభావం మీద వదిలేశాం. రెసిడెంట్ డాక్టర్ల పని మామూలుగా వారానికి 48 గంటలు, ఒక్క విడతలో 12 గంటలు దాటకూడదని కేంద్ర ప్రభుత్వం 1992లో రాసింది. పీజీ చేస్తున్న పిల్లలెవరినైనా అడగండి, 36 గంటల డ్యూటీ చేయనివాళ్లు ఎంతమందో చెప్తారు. రాసినదే అమలు కానప్పుడు ఇంకోటి రాయించి ఏం లాభం అని మీరడగొచ్చు. నేనూ ఆగి ఆలోచించింది అక్కడే. దానికి నాకు జవాబు దొరికింది ఒక రిటైర్డ్ హెడ్ సిస్టర్ దగ్గర.

రాస్తే నా మీదకొస్తుంది

ఆవిడ అక్కకు సీనియర్. ముప్పై ఏళ్లకు పైగా వార్డులు నడిపిన మనిషి. నా ఆలోచన చెప్తే మొదట కొట్టిపారేశారు. "బాబూ, రెండు గంటలు అని రాస్తే అది నాలుగవుతుంది. పడుకున్నవాళ్లను లేపడానికి ఇంకో మనిషి కావాలి. ఎమర్జెన్సీ చెప్పి వస్తుందా?" అన్నారు. ఆ మాటల్లో అనుభవం ఉంది, తీసిపారేయలేం. ఇంకో కష్టం అక్కే చెప్పింది. కునుకు తీసి లేచిన మొదటి పది పదిహేను నిమిషాలు తల దిమ్ముగా ఉంటుంది, మందు మోతాదు లెక్కవేయాలంటే భయమేస్తుంది. కాబట్టి రెండు గంటలు అంటే పడుకునేది గంటన్నర, తేరుకోవడానికి అరగంట. లేచిన వెంటనే ఇంజక్షన్ ట్రే చేతికివ్వకూడదు.

టీ తాగుతూ ఆవిడే మెల్లగా ఇంకో మాట చెప్పారు. తన వార్డులో వరసగా నైట్లు చేసే పిల్లలను రెండింటికి ఒకళ్లను, నాలుగింటికి ఒకళ్లను డ్రెస్సింగ్ రూమ్‌లోకి పంపేవారట. తను కౌంటర్లో కూర్చునేవారు. "ముప్పై ఏళ్లలో ఒక్కరోజు కూడా చార్టులో రాయలేదు. రాస్తే నా మీదకొస్తుంది" అన్నారు.

నాకు కావాల్సిన జవాబు అదే. రాత్రి నిద్ర అన్ని వార్డుల్లోనూ ఉంది. మంచి హెడ్ సిస్టర్ ఉన్నచోట వంతులవారీగా ఉంది, లేనిచోట టేబుల్ మీద తల వాల్చడంగా ఉంది. రాసి ఉంటే, పడుకున్న మనిషి పేషంట్లు ఇంకొకరి బాధ్యతలో ఉంటారు. రాయకపోతే ఎవరి బాధ్యతలోనూ ఉండరు. మా నాన్న సెలైన్ ఆ రాత్రి ఎవరి బాధ్యతలోనూ లేదు. జపాన్‌లో నర్సులు 16 గంటల రాత్రి షిఫ్టులు చేస్తారు, అది మనం తెచ్చుకోవాల్సింది కాదు. కానీ అక్కడ షిఫ్టు మధ్యలో కునుకుకు సమయం ఇవ్వడం మామూలు విషయం. పేషంట్లను గాలికి వదిలేసే దేశమని ఆ దేశాన్ని ఎవరూ అనరు.

ఇక ఇద్దరే ఉన్నచోట ఒకరు పడుకుంటే ఎలా అన్న ప్రశ్న. దీనికి తేలిక జవాబు లేదు. నలభై రెండు మందికి ఒక్క సిస్టర్‌ను వదిలి ఇంకొకరు పడుకోలేరు, అక్కే ఒప్పుకోదు. మూడో మనిషి ఉండాల్సిందే. నిద్ర గురించి మొదలుపెట్టిన మాట చివరికి ఖాళీ పోస్టుల దగ్గరికే చేరుతుందని నాకు తెలుసు. చేరాలి కూడా. 2021 జూలైలో, సెకండ్ వేవ్ కాస్త తగ్గగానే, తెలంగాణలో కొవిడ్ కోసం ఔట్‌సోర్సింగ్‌లో తీసుకున్న నర్సులను తీసేస్తే వాళ్లు హైదరాబాద్‌లో రోడ్డెక్కారు. ఆ మూడో మనిషి మన చేతికి వచ్చాక పంపేసుకున్నాం. అంతకుముందే, మే చివర్లో జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగినప్పుడు వాళ్ల కోరికల్లో ఒకటి, తమకు కొవిడ్ వస్తే హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో వైద్యం చేయించమని. పని చేసేచోట జబ్బు తగిలితే ఒక బెడ్డు కావాలని అడగడానికి వాళ్లకు సమ్మె చేయాల్సి వచ్చింది.

2020 జనవరి నుంచి 2021 మే దాకా ప్రపంచంలో 80 వేల నుంచి 1 లక్షా 80 వేల మంది ఆరోగ్య సిబ్బంది కొవిడ్‌తో చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అంచనాలోనే ఇంత తేడా. ఎంతమంది పోయారో కూడా సరిగ్గా లెక్కపెట్టుకోలేదు.

గడియ ఉన్న గది

పడుకోవడానికి చోటు గురించి కూడా చెప్పాలి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న ఒక డాక్టరమ్మాయిపై అత్యాచారం చేసి చంపిన ఘోరం అందరికీ తెలుసు. సుదీర్ఘమైన డ్యూటీ మధ్యలో ఆ డాక్టరమ్మాయి కాసేపు ఒళ్లు వాల్చింది సెమినార్ హాల్లో. ఆ తర్వాత సుప్రీంకోర్టు వైద్య సిబ్బంది భద్రత కోసం జాతీయ టాస్క్ ఫోర్స్ వేసింది. ఆ వార్తలు వచ్చినప్పుడు మా అక్క అడిగిన మొదటి మాట, "ఆ గదికి లోపల గడియ ఉందా?" అని. నాకు తట్టని ప్రశ్న అది. నైట్ డ్యూటీ చేసే ఆడవాళ్లకు మాత్రం ముందు తట్టేది అదేనట. వార్డు ఊడ్చే ఆయమ్మలకు ఆ గది అన్న మాటే లేదు, మెట్ల కింద చీర కొంగు పరుచుకుని పడుకుంటారు. 108 డ్రైవర్, టెక్నీషియన్ అంబులెన్స్‌లోనే సీట్లు వాల్చుకుంటారు. చార్టులో రాయమని నేనడిగే రెండు గంటలు వీళ్లకూ కావాలి.

వాళ్ల ఆసుపత్రిలో రెస్ట్ రూమ్ ఉందా అని అక్కను అడిగాను. ఉందట. కొవిడ్ అప్పుడు ఎవరో దాతలు రెండు మంచాలు, ఫ్యాను ఇచ్చారట. తలుపు మీద స్టాఫ్ రెస్ట్ రూమ్ అని బోర్డు కూడా ఇంకా ఉంది. థర్డ్ వేవ్ తర్వాత మిగిలిపోయిన పీపీఈ కిట్ల అట్టపెట్టెలు తెచ్చి ఆ మంచాల మీద పేర్చారు. గడువు తీరిపోయాయి, రిజిస్టర్‌లో ఉన్నాయి కాబట్టి పారేయడానికి వీల్లేదంటారు. తాళం స్టోర్‌లో ఉంటుంది. గది ఖాళీ చేయించమని సిస్టర్లు పదకొండు మంది సంతకాలు పెట్టి లెటర్ ఇచ్చారు. చూద్దామన్నారు.

"మరి ఇప్పుడు ఎక్కడ పడుకుంటున్నారు?" అన్నాను.

"ఖాళీ అయిన అట్టపెట్టెలు కొన్ని బయటపడేశారు కదా, అవి విప్పి డ్రెస్సింగ్ రూమ్‌లో నేల మీద పరుచుకుంటున్నాం" అంది. "నైటు ఒక్కళ్లకు సరిపోతుంది."